దానియేలు ఇచ్చిన రక్తపూత

2002 ఏప్రిల్‌లో నన్ను పార్వతీపురం నుంచి అరకు లోయకు ఎగువన ఉన్న ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ల్యాబ్ టెక్నీషియన్‌గా బదిలీ చేశారు. ఏజెన్సీ పోస్టింగు అంటే అప్పట్లో మా శాఖలో శిక్ష కింద లెక్క. దీర్ఘ సెలవు పెట్టేవాళ్లు, పైవాళ్లను కలిసి ఆర్డరు రద్దు చేయించుకునేవాళ్లు ఎక్కువ. నేను రెండూ చేయలేదు. మా నాన్నగారు మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరు. ప్రభువు పంపిన చోటును బేరమాడకూడదని ఆయన చెప్పేవారు. మా వారు బడిపంతులు కాబట్టి పార్వతీపురంలోనే ఉండిపోయారు. నేను ఒక ట్రంకు పెట్టె, బైబిలు, నాన్నగారి పాత పాటల పుస్తకం పట్టుకుని బస్సెక్కాను.

ఆ వారం కొండల మీద వాన పడింది. వాన పడితే కాఫీ పూస్తుంది. బస్సు ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే సిల్వర్ ఓక్ చెట్ల కింద తోటలన్నీ తెల్లగా ఉన్నాయి. మల్లెపూల వాసనకు దగ్గరగా ఉండే వాసన కిటికీల్లోంచి లోపలికి వచ్చింది. ఇప్పటికీ ఏప్రిల్ వస్తే నాకు ఆ వాసన గుర్తొస్తుంది. పార్వతీపురంలో మా పెరట్లో నిజమైన మల్లెలు పూస్తాయి గానీ వాటితో నాకు ఆ తృప్తి కలగదు.

ముందు మా పని గురించి నాలుగు మాటలు చెప్పాలి. మలేరియా పనిలో మొదటి మెట్టు సర్వేలెన్స్ వర్కరు. అతను పదిహేను రోజులకోసారి ప్రతి గడపకూ వెళ్లి జ్వరం వచ్చినవాళ్లు ఉన్నారా అని అడుగుతాడు. ఉంటే ఎడమచేతి ఉంగరపు వేలిని స్పిరిట్ దూదితో తుడిచి, సూదితో పొడిచి, గాజు పలక మీద రెండు పూతలు తీస్తాడు, దళసరిగా ఒకటి, పల్చగా ఒకటి. దళసరి పూతలో క్రిమి ఉన్నదీ లేనిదీ తెలుస్తుంది. పల్చటిదానిలో అది ఏ రకమో తెలుస్తుంది. దీన్నే రక్తపూత అంటాం, వాడుకలో స్లైడు. ప్రతి స్లైడుకూ ఒక నంబరు ఉంటుంది. ఆ నంబరుకు ఎదురుగా ఒక పట్టీలో ఊరు, ఇంటి నంబరు, రోగి పేరు, వయసు రాసి ఉంటాయి.

ఆ స్లైడ్లు నా బల్ల మీదికి వచ్చేవి. రంగు వేసి, ఆరబెట్టి, సూక్ష్మదర్శినిలో చూసేదాన్ని. కరెంటు లేనప్పుడు కిటికీ దగ్గరికి జరిగి అద్దం తిప్పుకుని ఎండ వెలుగులో చూసేదాన్ని. క్రిమి కనిపిస్తే పట్టీలో ఆ పేరుకెదురుగా ఎర్ర సిరాతో రాయాలి. ఎర్ర సిరా ఉన్న ఇంటికి వర్కరు మళ్లీ వెళ్లి పూర్తి కోర్సు మందు ఇవ్వాలి. ఫాల్సిపేరం అనే రకమైతే ఆలస్యం చేయడానికి లేదు, అది మెదడుకెక్కుతుంది. మందు పొరపాటున పక్కింటికి వెళితే ఈ ఇంట్లో మనిషి పోతాడు. కాబట్టి పట్టీలో పేరు సరిగా ఉండటం మాకు ప్రాణంతో సమానం. రోగి తన నోటితో ఏ పేరు చెబితే ఆ పేరే రాయాలని నియమం.

మా వర్కరు అప్పలస్వామిది సాలూరు వైపు. పొద్దున్నే సంచీ భుజాన వేసుకుని కొండెక్కితే సాయంత్రానికి గానీ దిగేవాడు కాదు. ప్రతి ఇంటా జనం అడక్కుండానే వేలు చాపేవారు. "అమ్మా, మీకేటి సెప్పమంటారు. ఈ కొండ మీద కుక్కలు కూడా నన్ను సూసి ముందరికాలు సాపుతున్నాయి" అని నవ్వించేవాడు. ఆ రోజుల్లో మా మీద ఉన్న నమ్మకం అలాంటిది.

అతను వెళ్లే ఊళ్లలో గెడ్డపుట్టు ఒకటి. కాలినడకన తప్ప దారి లేదు. సగం ఇళ్లు మా క్రైస్తవ సంఘానివి, సగం కొండదేవతను కొలిచేవి. అందరూ ఒకే గెడ్డ నీళ్లు, అంటే కొండవాగు నీళ్లు, తాగేవారు, ఒకరి ఇంట్లో చావుకు ఇంకొకరు వచ్చి కట్టెలు మోసేవారు. ఆదివారాలు నేను పాస్టరు గారి వెంట ఆ ఊరికి వెళ్లేదాన్ని. ఆయన రాజవొమ్మంగి వైపు నుంచి వచ్చి ఆ కొండల్లో స్థిరపడిన మనిషి. తడికెల గోడలు, మట్టి అరుగు, పైన రెల్లుగడ్డి, అంతే ఆ మందిరం. ఆడవాళ్లు పాటకు గొంతెత్తితే కొండ అవతల సామ చేలల్లో పనిచేసేవాళ్లు కూడా అందుకునేవారు. తరువాత నేను పెద్ద పెద్ద మందిరాల్లో, మైకుల ముందు, పియానో ఉన్న చోట పాడాను. అవతలి కొండ నుంచి పల్లవి తిరిగి రావడం మళ్లీ ఎక్కడా వినలేదు.

అక్కడ పాత వాడుకలో పుట్టిన వారాన్ని బట్టి పేరు పెట్టేవారు. బుధవారం పుట్టినవాడు బుద్రు, శుక్రవారం పుట్టినది సుకిరి. దాంతో ఒక్క గెడ్డపుట్టులోనే నలుగురు బుద్రులు ఉండేవారు. వాళ్లలో ఏ బుద్రుకు మందు ఇవ్వాలో తెలియక అప్పలస్వామి తల పట్టుకునేవాడు. 2003 జనవరిలో ఆ ఊళ్లో బాప్తిస్మాలు జరిగాయి. దానికి ముందు కొన్ని సాయంత్రాలు పాస్టరు గారు వాక్యంలోని పేర్లు ఒక్కొక్కటీ చదివి ఆ మనుషుల కథలు చెప్పేవారు. ఎవరికి నచ్చిన పేరు వాళ్లు తీసుకోవచ్చు. వితంతువు సుకిరి ఒక్కగానొక్క కొడుకు బుద్రు, ఇరవయ్యేళ్లు దాటినవాడు, అన్నీ విన్నాక దానియేలు కావాలన్నాడు. ఎందుకని నేను అడిగితే, "బాగున్నాదమ్మా. అంతే" అని నవ్వాడు.

జనవరి నీళ్లలో మునిగి పైకి లేచిన ప్రతి మనిషినీ ఒడ్డున ఉన్న సంఘం అంతా కొత్త పేరుతో ఒక్కసారిగా పిలిచింది. ఆ తరువాత కొన్నాళ్లు ఆ ఊరివాళ్లు ఆ పేర్లను కొత్త బట్టల్లా వాడుకున్నారు. గెడ్డ దగ్గర ఒకడు "ఓ దానియేలూ" అని కేకేసేవాడు. ఇతను "ఏటి?" అనేవాడు. "ఏటీ నేదు. పిలిసినాను." దేవుడు మనుషులను పేరు పెట్టి పిలుస్తాడని చిన్నప్పటి నుంచి సండే స్కూల్లో వింటూనే ఉన్నాను. ఆ మాటలో ఉన్న సంతోషం ఎలాంటిదో నాకు ఆ గెడ్డ ఒడ్డునే తెలిసింది. అప్పలస్వామికీ సంతోషమే, నలుగురు బుద్రుల్లో ఇద్దరు తగ్గారు. జ్వరం అడగడానికి వెళితే వాళ్లు కొత్త పేరే చెప్పేవారు. అతను పట్టీలో అదే రాసేవాడు.

ఆ ఏడాది వానాకాలం మొదట్లో దానియేలుకు ఫాల్సిపేరం వచ్చింది. కోర్సు ఇచ్చాం, తగ్గింది. నెల తిరక్కుండా మళ్లీ వచ్చింది. కొండల్లో అది వింత కాదు. చేను కాపలాకు మంచె మీద పడుకునేవాళ్లను దోమలు వదలవు. రెండుసార్లూ నేనే చూశాను, రెండుసార్లూ ఎర్ర సిరాతో రాశాను.

ఇదే సమయంలో జరిగిన ఇంకో సంగతి నాకు తరువాత తెలిసింది. ఏజెన్సీలో అన్ని శాఖల అధికారులూ కలిసి కూర్చునే సమన్వయ సమావేశాలు ఉండేవి. రోడ్లు, రేషను, జ్వరాలు, అన్నీ అక్కడ మాట్లాడేవారు. అలాంటి ఒక సమావేశం అయ్యాక, పోలీసు అధికారి ఒకరు మా డాక్టరు గారిని జ్వరాల పట్టీలు ఒకసారి చూపించమని అడిగారు. కాగితం మీద కాదు, టీ తాగుతూ. డాక్టరు గారు చదువు ముగించి వచ్చి ఏడాది కూడా కాని యువకుడు, మంచివాడు. ఇంకో ప్రభుత్వ శాఖే కదా అనుకుని గుమాస్తా చేత జిరాక్సులు తీయించి పంపారు. గుమాస్తా నా బల్ల మీద పట్టీలు తీసుకుంటున్నప్పుడు జిల్లా మలేరియా ఆఫీసుకనే నేను అనుకున్నాను. అవి అప్పుడప్పుడు అక్కడికి వెళ్లడం మామూలే.

పోలీసుల ఆలోచన ఇది. అడవిలో తిరిగే దళంవాళ్లకు కూడా మలేరియా వస్తుంది. వాళ్లకు మందు ఊళ్ల నుంచే వెళ్లాలి. కాబట్టి జ్వరాల పట్టీని రేషను కార్డుల జాబితాతో కలిపి చూస్తే, పట్టీలో ఉండి కార్డులో లేని పేర్లు దొరుకుతాయి. ఆ పేర్లు బయటివాళ్లవి అయి ఉండాలి. కూర్చున్న చోటి నుంచి చూస్తే ఈ లెక్కలో తప్పేమీ కనిపించదు. అలా కలిపి చూసినప్పుడు గెడ్డపుట్టులో సుకిరి ఇంటి నంబరు కింద దానియేలు అనే మనిషి దొరికాడు. రెండుసార్లు ఫాల్సిపేరం, రెండుసార్లు పూర్తి కోర్సు మందు. కార్డులో ఆ పేరు లేదు.

సంత రోజున అతన్ని పట్టుకుని అవుట్‌పోస్టుకు తీసుకుపోయారు. మర్నాడు పొద్దున్నే సుకిరి ఆరోగ్య కేంద్రానికి వచ్చింది. లోపలికి రాలేదు, నా కిటికీ బయటే నిలబడింది.

"అమ్మా, మావోడు నీకు పేరేటని సెప్పినాడు?"

"దానియేలు."

"అదే అడుగుతన్నారు. ఆ దానియేలెవడు, ఎక్కడ దాసినావు అని. ఆడే నా బుద్రు అంటే నమ్మరు. కార్డులో నేడు కదా అంటన్నారు. నువ్వొచ్చి సెప్పాల. ఆడు బేగి రావాల. అంతే నాకు."

నేనూ డాక్టరు గారూ వెళ్లాం. ఇన్‌స్పెక్టరు మర్యాదగానే మాట్లాడారు. కిందటి ఏడు వాళ్ల కానిస్టేబులు ఒకరికి జ్వరం మెదడుకెక్కితే స్లైడు చూసింది నేనేనని ఆయనకు తెలుసు. కుర్చీ వేయించి, టీ చెప్పించి, తన ఇబ్బంది చెప్పారు. ఇతను బుద్రు అంటున్నాడు, దానియేలు కూడా తానే అంటున్నాడు. ఒక మనిషికి రెండు పేర్లు ఎందుకుంటాయి? ఆయన ఉద్యోగంలో చూసినంతవరకు రెండు పేర్లతో తిరిగేవాళ్లు లోపలివాళ్లే. అడవిలోకి వెళ్లగానే వాళ్లు పేరు మార్చుకుంటారు. నేను బాప్తిస్మం గురించి చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు. "మీ మాట నమ్ముతానమ్మా. కానీ ఫైలుకు మాట సరిపోదు. రెండు పేర్లూ ఒకేచోట ఉన్న కాగితం ఏదైనా ఉందా?" అని అడిగారు.

ఉంది. మందిరంలో బాప్తిస్మపు పుస్తకం ఉంది. పాస్టరు గారు ప్రతి ఒక్కరి పాత పేరూ కొత్త పేరూ పక్కపక్కన రాసేవారు. నేను ఆ సంగతి చెప్పేలోపు డాక్టరు గారే చెప్పేశారు. "అయితే ఆ పుస్తకం పంపించండి. చూసుకుని ఇతన్ని పంపించేస్తాం" అన్నారు ఇన్‌స్పెక్టరు.

ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు గారు పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టారు. ఎవరూ లేవలేదు. నేను ఇచ్చేద్దామన్నాను. సత్యం రాసి ఉన్న పుస్తకం సత్యం చెప్పడానికి పనికిరాకపోతే ఇంకెందుకని నా ఉద్దేశం. కొందరు అవునన్నారు. అప్పుడు గుమ్మం దగ్గర కూర్చున్న కాసులమ్మ మాట్లాడింది.

కాసులమ్మ ఆ చుట్టుపక్కల ఊళ్లకు ఎం.పి.టి.సి. సభ్యురాలు, అంటే మండల పరిషత్తుకు ఆ ఊళ్లు ఎన్నుకున్న మనిషి. మా సంఘంలోది కాదు. కొండదేవత పండక్కి ముందు నడిచేది ఆమే. చదువుకోలేదు. నోరు గట్టిది. పొగాకు చుట్ట పక్కన పెట్టి అంది:

"ఒక కాయితం ఎల్తే ఒక గుంటడు ఎల్లిపోనాడు. ఈ పుస్తకం ఎల్తే ఎంతమంది ఎల్తారో నీ దేవుడు నీకు సెప్పినాడా, పాస్టరూ?"

ఆ పుస్తకంలో సంఘం అంతా ఉంది. ప్రతి మనిషికీ రెండు పేర్లున్నాయి. ఇన్‌స్పెక్టరు గారి లెక్కలో రెండు పేర్లంటే ఏమిటో మేము విని వచ్చాం. ఇన్ని కుటుంబాల సంగతి ఒకరి కోసం ఇవ్వాలా, ఇవ్వకపోతే ఆ ఒకడు ఏమవుతాడు? అందరూ సుకిరి వైపు చూశారు. ఆమె తలెత్తలేదు.

"ఇవ్వకండి" అంది. "నా కొడుకొచ్చి, ఇంకో తల్లి కొడుకు ఎల్తే, నాను గెడ్డకెలా ఎల్తాను నీళ్లకి?"

పాస్టరు గారు పుస్తకం మూసి, గుడ్డలో చుట్టి లోపల పెట్టేశారు. మేము మోకాళ్లూని చాలాసేపు ప్రార్థన చేశాం. కాసులమ్మ అది అయ్యేదాకా గుమ్మంలోనే కూర్చుని, లేచేటప్పుడు అంది: "మీ పని మీరు సేసినారు. మండలం మీటింగున్నాది, నా పని నాను సేత్తాను. టీ బిస్కెట్లు తిని రమ్మనా నాకు ఓట్లేసినారు?"

మండల సర్వసభ్య సమావేశంలో ప్రతి శాఖ అధికారీ లేచి తన శాఖ ప్రగతి చదవాలి. సభ్యులు ప్రశ్నలు అడగవచ్చు, అధికారి జవాబు చెప్పాలి, రెండూ మినిట్స్ పుస్తకంలో రాస్తారు. అధ్యక్ష స్థానంలో మండల అధ్యక్షుడు, పక్కన రాయడానికి ఎం.పి.డి.ఓ. ఉంటారు. పోలీసు శాఖ ఆ సమావేశానికి రాదు, శాంతిభద్రతలు దాని పరిధిలోవి కావు. చాలామంది అధికారులు ఆ సమావేశాన్ని భోజనం దాకా ఓపిక పట్టాల్సిన తంతుగా చూసేవారు. అంకెలు అందించడానికి నేను డాక్టరు గారి వెనక కూర్చునేదాన్ని.

డాక్టరు గారు ఆ నెలలో తీసిన రక్తపూతల లెక్క చదివారు. కాసులమ్మ లేచింది.

"రగతం తీసినారు, బాగున్నాది. ఆ రగతం కాయితాలు టేసనుకెందుకెల్లాయి?"

ఎం.పి.డి.ఓ. గారు అది పోలీసు విషయమని, ఇక్కడ చర్చకు రాదని అన్నారు. ఆమె కూర్చోలేదు. "పోలీసోళ్లని నానేటి అడగనేదు బాబూ. ఆసుపత్రిని అడుగుతన్నాను. ఆసుపత్రి మా మండలానిదేనా, కాదా?" అంది. వెనక వరుసలో ఎవరో నవ్వారు. మండల అధ్యక్షుడు నవ్వలేదు. ఆయనదీ కొండ ఊరే. కాగితాలు ఎవరి ఆర్డరు మీద వెళ్లాయని డాక్టరు గారిని అడిగారు. డాక్టరు గారు లేచి, దాచకుండా, ఆర్డరేమీ లేదని, నోటిమాట మీద ఇచ్చానని చెప్పారు. ఆ మాట చెప్పడానికి ఆయనకు ధైర్యం కావాల్సి వచ్చింది. నేను ఆయన చొక్కా వెనక భాగం తడవడం చూశాను.

"నోటిమాట మీద ఎల్లినవి నోటిమాట మీద ఎనక్కి తెప్పించండి మరి" అంది కాసులమ్మ.

ఆ తరువాత ఆమెకు మరో నలుగురు సభ్యులు తోడయ్యారు. ఒకరి ఊళ్లో అంగన్‌వాడీ పుస్తకం ఎవరో చూసి పోయారట. ఇంకొకరు కాఫీ మొక్కలు పంచిన జాబితా అడిగారట. ఎవరికి వారు తమ ఊళ్లోనే జరిగిందనుకున్నారు. మధ్యాహ్నానికి తీర్మానం రాశారు. రోగుల పేర్లు వైద్యానికి తప్ప వేరే పనికి వెళ్లకూడదు. ఏ శాఖకైనా కావాలంటే కారణం రాసి, కలెక్టరు గారి సంతకంతో అడగాలి. అలా ఇచ్చిన సంగతి తరువాతి సమావేశంలో సభ్యులకు చెప్పాలి. వెళ్లిన జిరాక్సులు తిరిగి రావాలి. గెడ్డపుట్టు మనిషిని ఊరివాళ్ల ఎదుట ఎం.ఆర్.ఓ. గారు గుర్తింపు చేయాలి. ఎం.పి.డి.ఓ. గారు పెన్ను ఆపి రెండుసార్లు అధ్యక్షుడి వైపు చూశారు, రెండుసార్లూ ఆయన రాయమన్నారు. ప్రతులు కలెక్టరు గారికీ పోలీసు పైఅధికారులకూ వెళ్లాయి. అప్పటికి సమాచార హక్కు చట్టం కూడా రాలేదు. మా చేతిలో ఉన్నది ఆ మినిట్స్ పుస్తకం ఒక్కటే.

కొన్ని రోజులకు కబురు వచ్చింది. గుర్తింపు జరిగే రోజున గెడ్డపుట్టు ఊరు ఊరంతా కొండ దిగింది. మందిరంవాళ్లూ కొండదేవతవాళ్లూ కలిసే వచ్చారు. మండల ఆఫీసు వరండాలో ఎం.ఆర్.ఓ. గారు కుర్చీ వేసుకుని, ఇన్‌స్పెక్టరు పక్కన ఉండగా, ఒక్కొక్కరినీ పిలిచి ఇతనెవరని అడిగారు. అతను గోడకానుకుని నిలబడ్డాడు. చిక్కిపోయి ఉన్నాడు. అక్కడ ఏం జరిగిందో నేను అడగలేదు, అతను ఎన్నడూ చెప్పలేదు.

"బుద్రు" అన్నాడు మొదటివాడు. "సుకిరి కొడుకు బుద్రు" అంది తరువాతి ఆమె. ఒక ముసలాయన దగ్గరికి వెళ్లి మొహం పట్టుకుని చూసి, "ఈడెవడో నాకు తెల్దా బాబూ? నా మేకని కోసుకు తిన్నాడు. తప్పు కట్టమంటే ఇప్పటికీ కట్టనేదు. ఈడు బుద్రు కాకపోతే నా మేకనెవలు ఇత్తారు?" అన్నాడు. ఎం.ఆర్.ఓ. గారే కాక ఇన్‌స్పెక్టరు కూడా నవ్వు ఆపుకోలేకపోయారు. సంఘస్థులు వచ్చారు. గెడ్డ ఒడ్డున నిలబడి అతన్ని కొత్త పేరుతో పిలిచినవాళ్లే ఒక్కొక్కరూ బుద్రు అని చెప్పి పక్కకు వెళ్లారు. పాస్టరు గారూ బుద్రు అనే చెప్పారు. అది అబద్ధం కాదు.

చివర నన్ను పిలిచారు. పట్టీలో ఉన్న పేరుకు జవాబు చెప్పాల్సింది నేను. "మా దగ్గర దానియేలు అని చెప్పాడు. రెండుసార్లు రక్తపూత ఇచ్చిన మనిషి ఇతనే. ఆ ఇంట్లో తల్లి తప్ప ఇంకెవరూ లేరు" అన్నాను. ఎం.ఆర్.ఓ. గారు రాసుకున్నారు. నేను సంతకం చేశాను. ఆ వరండాలో ఆ పేరు పలికింది నేనొక్కదాన్నే. అతను ఒకసారి తలెత్తి నా వైపు చూసి మళ్లీ దించుకున్నాడు.

ఆ సాయంత్రమే అతన్ని వదిలేశారు. సుకిరి కొడుకు చేయి పట్టుకుని కొండదారి పట్టింది. జిరాక్సులు కూడా ఒక కవరులో తిరిగి వచ్చాయి. పుటలన్నీ సరిగ్గా ఉన్నాయి. వాటిని చూసి ఎవరు ఏమి రాసుకున్నారో, ఆ రాసుకున్నది ఇప్పుడు ఎక్కడుందో ఏ కవరూ చెప్పదు.

ఆ తరువాత మేము పద్ధతి మార్చాం. స్లైడు మీదా, ఆఫీసుకు వచ్చే పట్టీ మీదా నంబరు మాత్రమే ఉండేది. ఏ నంబరు ఎవరిదో అప్పలస్వామి సంచీలో ఉండేది, మందు కోర్సు పూర్తయ్యాక దాన్ని చింపేసేవాడు. డాక్టరు గారు తానే పైవాళ్లకు రాసి అనుమతి తెచ్చారు. అయినా గెడ్డపుట్టులో కొన్నాళ్లు ఏ వేలూ ముందుకు రాలేదు. వానాకాలం నడుమ కాసులమ్మ ఇంటింటికీ అప్పలస్వామి ముందు నడిచి, ప్రతి గుమ్మంలో తన వేలు తానే చాపి చూపించింది. "నాకు జొరం నేదు. అయినా పొడిసినారు. సచ్చిపోనానా?" అని అడిగేది. ఆమె వేళ్లు అయిపోయేసరికి ఊరు లొంగింది.

అతను మటుకు చాలాకాలం రాలేదు. మరుసటి ఏడు జ్వరంతో తానే కొండ దిగి వచ్చి నా బల్ల ముందు కూర్చున్నాడు. అలవాటు కొద్దీ నేను "రా, దానియేలూ" అన్నాను. అతను వాకిలి వైపు చూశాడు. "బుద్రు అనమ్మా" అన్నాడు మెల్లగా. "ఆ పేరు మానీసినాను." మందిరానికి వస్తున్నావా అని అడిగితే వస్తున్నానన్నాడు. వచ్చేవాడు కూడా, వెనక వరుసలో కూర్చునేవాడు. కానీ ఆ సంఘంలో ఎవరూ ఎవరినీ కొత్త పేరుతో బయట పిలుచుకోవడం నేను మళ్లీ వినలేదు. తరువాతి బాప్తిస్మాల్లో పాస్టరు గారు పుస్తకం రాయలేదు. ఒడ్డున ఉన్నవాళ్లు పేరు పెద్దగా పిలవలేదు. పాట మాత్రం పాడారు.

2007లో నాకు బదిలీ అయింది. కొన్నేళ్లకు రిటైరయ్యాను. ఇప్పుడు పార్వతీపురంలో ప్రతి ఉదయం కుటుంబ ప్రార్థనలో ఆ ఊరి మనుషులను ఒక్కొక్కరినీ తలుచుకుంటాను. తలుచుకునేది నీళ్లలోంచి లేచినప్పటి పేర్లతోనే. అక్కడ నన్ను ఆపేవారు లేరు. ఒక్కసారి ఆ గెడ్డ ఒడ్డుకు వెళ్లి, ఊరికే ఒకరినొకరు పిలుచుకుని నవ్వే ఆ కేకలు వినాలని ఉంటుంది. ఆ వయసువాళ్లు ఇప్పుడు నడివయసుకు వచ్చి ఉంటారు. వెళ్లినా వినపడేవి కావు.

ఈ ఉదంతం నాకు నేర్పినది చెప్పి ముగిస్తాను. ఒక మనిషి ఒక పని కోసం తన గురించి చెప్పినది ఆ పనికే చెందుతుంది. ప్రభుత్వమంతా ఒకటే కదా అని ఒక బల్ల మీది కాగితం ఇంకో బల్లకు జరపకూడదు. జరపాల్సిన అవసరం నిజంగా ఉంటే, అడిగేవాడు కారణం రాసి సంతకం పెట్టాలి. ఆ సంతకాన్ని నిలదీయడానికి జనం పంపిన మనిషి ఒకరు, ఆమె ప్రశ్నను రాసుకునే పుస్తకం ఒకటి ఉండాలి. ఆ రెండూ లేనిచోట మంచి డాక్టరూ, మర్యాదస్తుడైన ఇన్‌స్పెక్టరూ కలిసి కూడా ఒక నిర్దోషిని బంధించగలరు.

ఈ వ్యాసంలో గెడ్డపుట్టు, బుద్రు, దానియేలు, సుకిరి, కాసులమ్మ, ఇవన్నీ నేను పెట్టిన పేర్లు. అసలు పేర్లు వాళ్లు నాకు జ్వరం చూడటానికి చెప్పారు, అచ్చు వేయడానికి కాదు.